కాటుక గీత

పోయిన ఆదివారం మా మనవరాలు బడి పిల్లలతో కలిసి ఏన్కూరు అవతల ఎవరిదో మామిడితోట చూసి వచ్చింది. సాయంత్రం కాళ్లు కడుక్కుంటూ, "నానమ్మా, నాకు కొత్త పుట్టుమచ్చ వచ్చింది, కాళ్లు కూడా ఉన్నాయి దానికి!" అని అరిచింది. పోయి చూస్తే పిక్క వెనక పిడుదు. మేకలనూ పశువులనూ కుక్కలనూ పట్టుకుని రక్తం తాగే ఆ పురుగును ఖమ్మం అపార్టుమెంటు పిల్లలు ఎక్కడ చూసి ఉంటారు?

మా కోడలు ఫోన్ చూసి ఒకసారి గోళ్లరంగు పూయాలంది, ఇంకోసారి అగ్గిపుల్ల వెలిగించి చురక పెట్టాలంది. రెండూ వద్దన్నాను. ఆమె కనుబొమ్మలు తీసుకునే ప్లక్కరు తెప్పించి, పిడుదును తల దగ్గర, చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగాను. సబ్బుతో కడిగాను. చుట్టూ పావలా బిళ్లంత ఎర్రబడి ఉంది. మనవరాలి పెన్ను తీసుకుని ఆ ఎరుపు అంచు వెంబడే గుండ్రంగా గీత గీశాను.

"ఇదేంటత్తయ్యా?" అంది కోడలు.

"ఎరుపు ఈ గీత దాటినా, రెండు వారాల్లోపు జ్వరం వచ్చినా, ఒంటి మీద ఎక్కడ పేలినా డాక్టరు దగ్గరికి. ఏమీ లేకపోతే బడికి."

"మీకెవరు చెప్పారివన్నీ?"

ఆ మాట కోసమే నలభై ఏళ్ల నుంచి ఎదురుచూస్తున్నట్టు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మా నాయనమ్మ గురించి గొప్పలు చెప్పుకోవడం నాకు ఇష్టం. వినలేని వాళ్లు ఆ కాసేపు టీ పెట్టుకోవచ్చు.

మా ఊరు కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు పోయే తోవలో ఉండేది. చివరి ఇంటి దడి దాటితే అడవే. ఎండాకాలం వచ్చిందంటే ఊరంతా బీడీలు చుట్టే తునికాకుకు పోయేది. తెల్లారేసరికి ఆడవాళ్లు అడవిలో ఉండేవాళ్లు. పొద్దెక్కాక తలల మీద ఆకు మూటలతో వచ్చి, యాభై ఆకులకో కట్ట చొప్పున కట్టి, కల్లంలో ఎండబెట్టేవాళ్లు. మా నాన్న ఆ కల్లం చూసుకునేవాడు, అందుకని ఆ రెండు నెలలూ ఇంటికి సరిగా వచ్చేవాడు కాదు. వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తే ఆ తియ్యటి మత్తు వాసన వంటింటి దాకా వచ్చేది. మధ్యాహ్నం జొన్న అంబలి, మామిడికాయ తొక్కు, ఉల్లిగడ్డ. ఇప్పటికీ ఎవరైనా వేసవిలో ఏం తినాలని ఉంది అని అడిగితే నా నోటి నుంచి వచ్చేది ఆ మూడు పేర్లే.

అడవి ఆకుతో పాటు పిడుదులనూ ఇచ్చేది. అందుకని సాయంత్రం కాగానే మా ఇంట్లో తనిఖీ. నాయనమ్మ వాకిట్లో నులకమంచం వాల్చుకుని, పక్కన గంజుగిన్నె నీళ్లు పెట్టుకుని, "రాన్రి, ఒక్కొక్కలు రాన్రి" అని పిలిచేది. ఆమెకు వరస ఉండేది. ముందు చెవుల వెనక, తరవాత మెడ, చంకలు, మొలతాడు కింద, మోకాళ్ల వెనక, చివరికి కాలివేళ్ల సందులు. పెద్దలైనా సరే, అడవికి పోయి వచ్చిన వాళ్లెవరూ ఆ మంచం తప్పించుకుని అన్నం ముందు కూర్చోలేరు. కరిచి ఉన్నదానికి కాసింత వేపనూనె పూసి, ఊపిరాడక పట్టు వదిలాక తీసేది. నూనెలూ కిరసనాయిలూ పూయకూడదని ఇప్పుడు డాక్టర్లు అంటున్నారు. ఆ ఒక్క విషయంలో నాయనమ్మను నేను సమర్థించను.

మిగతా అన్నిట్లో మాత్రం ఆమె చెయ్యి తిరిగిన మనిషి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా ఒంటి మీద ఏది పేలినా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. దురదగుండాకు తగిలిందా, జీడి చిమ్మిందా, గొంగళిపురుగు పాకిందా, ఉత్త చెమటకాయలా, చూడగానే చెప్పేది. చెప్పలేకపోతే కాటుక డబ్బా తీసేది. ఇత్తడి డబ్బా, మూత మీద చిలుక. చీపురుపుల్ల కొనను కాటుకలో ముంచి, దద్దురు అంచు చుట్టూ గీత గీసి, "పొద్దుగాల రా" అని పంపేది. తెల్లారి ఎరుపు గీత లోపలే ఉంటే పసుపూ వేపాకూ. గీత దాటితే, "నాతోని కాదు, దవాఖానాకు పో" అనేది. తన చేతకానిదాన్ని చేతకాదని చెప్పడానికి ఆమెకు ఎప్పుడూ నామోషీ లేదు.

గీత గీయనిది ఒక్కదానికే. అమ్మవారు. తట్టు గాని, పెద్ద పొక్కులు గాని వస్తే ముత్యాలమ్మ తల్లి ఇంటికి వచ్చినట్టు. చూరుకు వేపమండలు కట్టేవాళ్లు. పోపు వాసన రాకూడదు, బయటివాళ్లు రాకూడదు, మందు పేరు ఎత్తకూడదు. పిల్లవాడిని చీకటి గదిలో వేపాకు మీద పడుకోబెట్టి, బట్ట తీసి ఎగాదిగా చూడకుండా, పసుపునీళ్లు చల్లి, పెరుగన్నం పెట్టేవాళ్లు. "తల్లికి హద్దు గీస్తమా?" అనేది నాయనమ్మ.

ఆ ఏడు నాకు పదేళ్లు, తమ్ముడికి ఐదు. ఊళ్లో పిల్లలకు తట్టు తిరుగుతోంది. నాకు అంతకు ముందే వచ్చి పోయింది గనక నేను రాణిలా తిరుగుతున్నాను. తమ్ముణ్ణి మాత్రం ఇల్లు దాటనివ్వొద్దని మా అమ్మ వంద జాగ్రత్తలు చెప్పి ఆకుకు పోయింది. నేనేమో వాణ్ణి వెంటబెట్టుకుని మొర్రిపళ్లకు పోయాను.

మొర్రిపళ్లు తిన్నవాళ్లకే తెలుస్తుంది ఆ రుచి. నల్లగా చిన్నగా ఉంటాయి, తొక్క పులుపు, లోపల తీపి. మంచి చెట్టు ఒకటి మేకల మంద మధ్యాహ్నం నీడకు ఆగే దిబ్బ మీద ఉండేది. ఆ దిబ్బ పిడుదుల పుట్ట. అక్కడికి పోతే కాళ్లు విరగ్గొడతానని నాయనమ్మ చెప్పి ఉంది. నాలుకలు నల్లబడే దాకా తిన్నాం. తిరిగొస్తుంటే తమ్ముడు నడుం గోక్కుంటున్నాడు. మొలతాడు ఎత్తి చూస్తే కింద పిడుదు, అప్పటికే గట్టిగా పట్టింది.

నాయనమ్మ పిడుదును చూసి అది ఏ పశువుదో చెప్పేది. "ఇది మేక పిడుదు, మంద కాడికి పోయిన్రా?" అని అడిగితే నా పని అయిపోయినట్టే. అందుకని గోళ్లతో పట్టి పీకాను. సగం తెగి వచ్చింది. దాన్ని రాయి మీద నలిపేసి, తమ్ముడి నడుముకు ఉమ్మి రాశాను.

ఇక మిగిలింది వాడి నోరు. మామూలుగా వాడి నోట్లో నువ్వుగింజ నానదు. నా వంతు పళ్లన్నీ వాడి జేబులో పోసి, "ఎవ్వలికీ చెప్పనని ఒట్టెయ్" అన్నాను.

"ముత్యాలమ్మ తోడు, చెప్ప" అన్నాడు. నేనూ వేశాను. సాయంత్రం తనిఖీలో చర్మంలో మిగిలిన ముక్క నాయనమ్మ కంట పడలేదు. నేను బతికిపోయాననుకున్నాను.

వారం తిరక్కముందే వాడికి జ్వరం వచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి, తలనొప్పి అని ఏడ్చాడు. మూడోరోజుకు చేతుల మీద ఎర్రటి చుక్కలు. పక్కింటి ముసలామె గడప బయటి నుంచే తొంగిచూసి, "తల్లి వచ్చింది వదినా" అంది. ఊరంతా అదే కాబట్టి నాయనమ్మ కూడా చీకట్లోనే చెయ్యి పట్టి చూసి, "అవ్" అంది. అమ్మ వేపమండలు తెచ్చింది. నాన్నకు కబురు పోయింది గాని, తల్లి ఉన్న ఇంటికి బయటి నుంచి రాకూడదని ఆయన కల్లంలోనే ఉండిపోయాడు.

ఒట్టు పెట్టుకున్నది ముత్యాలమ్మ మీద, ఇంటికి వచ్చింది ముత్యాలమ్మ. నా అబద్ధం వినే వచ్చిందనుకున్నాను. నిజం చెబితే ఒట్టు తప్పినందుకు వాణ్ణి తీసుకుపోతుందేమో, చెప్పకపోతే దాచినందుకు తీసుకుపోతుందేమో. ఏది చేస్తే తమ్ముడు మిగులుతాడో తెలియలేదు.

తట్టు ఒకసారి వచ్చిపోయినదాన్ని గనక వాడి దగ్గర కూర్చుని వేపమండతో విసిరే పని నాకే వచ్చింది. ఐదోరోజు మధ్యాహ్నం వాడు నీళ్లు కూడా మింగడం లేదు. పిలిస్తే పలకలేదు. చూరు సందులోంచి ఎండ వాడి కాళ్ల మీద పడింది. అరికాళ్ల నిండా ఎర్రటి చుక్కలు. అరచేయి తిప్పి చూశాను, అక్కడా అంతే. ముఖం మీద మాత్రం ఒక్క చుక్కా లేదు.

నాయనమ్మ మంచం పక్కన కూర్చుని ఎన్ని సాయంత్రాలు విన్నానో. "తట్టు ముఖం నుంచి కిందికి దిగుతది బిడ్డా. చెవుల ఎనక మొదలైతది. కాళ్ల నుంచి మీదికి ఎక్కేది తట్టు గాదు." ఇది కాళ్ల నుంచి ఎక్కుతోంది. వాడి మొలతాడు పక్కకు జరిపాను. నేను పిడుదు పీకిన చోట నల్లగా, సిగరెట్టు కాల్చినట్టు ఒక పెచ్చు, దాని చుట్టూ ఎరుపు.

వాకిట్లో నాయనమ్మ, పక్కింటామె అరుగు మీద కూర్చుని ఉన్నారు. నేను పోయి నిలబడ్డాను. ఒక్క గుక్కలో అంతా కక్కేశాను. మొర్రిపళ్లు, దిబ్బ, పిడుదు, ఒట్టు, నల్లపెచ్చు, అరికాళ్లు.

దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. పడలేదు.

"ఏ దిక్కు?" అంది నాయనమ్మ.

"ఏంది?"

"నడుముకు ఏ దిక్కున్నది పెచ్చు?"

"ఎడమ దిక్కు."

ఆమె లేచింది. కాళ్లు కడుక్కుంది. గడప ముందు నిలబడి, చూరుకు కట్టిన వేపమండలకు రెండు చేతులూ జోడించి, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు అంది: "తల్లీ, నువ్వు రానే రాలేదు. నేనే పిలిచి కూసోబెట్టిన. తప్పు నాది, పోరనిది గాదు." ఆ మండలను తన చేతులతోనే విప్పింది.

"గట్ల పీకకు వదినా! ఊరికి అరిష్టం!" పక్కింటామె లబలబలాడింది.

"ఊరికొచ్చే అరిష్టం నాకు రానీ. నువ్వు జరుగు."

మా అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అత్తగారి ముందు ఎన్నడూ గొంతెత్తని మనిషి. "అత్తమ్మా, ఇది తల్లి గాదా?" అంది. నాయనమ్మ తమ్ముణ్ణి ఎత్తుకొచ్చి ఎండలో మంచం మీద పడుకోబెట్టింది. అరికాళ్లు చూసింది, అరచేతులు చూసింది. కత్తిపీట తెమ్మని, వాడి మొలతాడు పుటుక్కున కోసేసింది. బతికున్న మగపిల్లవాడి మొలతాడు కోయడం చూసి అమ్మ ఘొల్లుమంది.

ఆ పెచ్చును ఆమె వేలితో తడిమి చూసింది. తరవాత మెల్లగా అంది. "ఇది పిడుదు జ్వరం. అడవి గూడెం నుంచి విస్తర్ల అడ్డాకులు తెచ్చే ముసల్ది ఎప్పుడో చెప్పింది, నల్లమచ్చ ఉంటే పిడుదు నోరు అక్కడున్నట్టని. చీకట్ల చూసి చెప్పిన నేను. బట్ట ఇప్పి చూడకపోతి." తరవాత నా వైపు తిరిగి, "కాటుక డబ్బా తే" అంది.

ఆ పెచ్చు చుట్టూ, ఎరుపు అంచు వెంబడి, ఆమె గీసిన గీత ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

"నడువ్, నువ్వు గూడ రావాలె" అంది నాతో. "ఎన్నడు కరిచిందో నీకే ఎరుక. జల్దీ."

రోడ్డు మీదికి పోయి బస్సు కోసం చూస్తుంటే ఆకు లారీ వచ్చింది. డ్రైవరు మమ్మల్ని ముందు కూర్చోబెట్టుకుని కొత్తగూడెంలో దించాడు. దవాఖానా వరండా అంతా జనం, ఫినాయిలు వాసన. మా వంతు వచ్చింది. డాక్టరు కుర్రవాడు, పొద్దున్నుంచి తట్టు పిల్లల్నే చూసి చూసి విసిగిపోయి ఉన్నాడు. తమ్ముడి చెయ్యి చూసి, "తట్టేనమ్మా. నీళ్లు బాగా తాగించండి" అని తరవాతివాళ్లను పిలిచాడు.

నాయనమ్మ లేవలేదు. "డాక్టర్ సాబ్, నేను గూడ గట్లనే అన్న. మూడు రోజులు నేను గూడ తట్టే అన్న. అరికాళ్లు చూడున్రి."

ఆయన చూశాడు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నాయనమ్మ వాడి చొక్కా ఎత్తింది. నల్లపెచ్చు, దాని చుట్టూ కాటుక గీత. వచ్చే దారిలోనే ఎరుపు గీతకు బయట అటూ ఇటూ పాకింది.

"ఇదెవరు గీశారు?"

"నేనే. ఎంత జల్దీ పెరుగుతుందో మీకు ఎరుక కావాలె గద." తరవాత నన్ను ముందుకు నెట్టింది. "మిగిలింది గీమె చెప్తది."

నేను చెప్పాను. పిడుదు కరిచింది మొన్నటి వారం ఆకు లారీ వచ్చిన రోజు. జ్వరం వచ్చింది ఇన్నిరోజులకు. చుక్కలు ముందు మణికట్ల మీద, చీలమండల మీద. ఈసారి ఒక్క ముక్క దాచలేదు. ఆ డాక్టరు మొత్తం రాసుకున్నాడు. రాసుకోవడం ఆపి నాయనమ్మను చూసి, "అమ్మా, ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే నా చేతిలో కూడా ఉండేది కాదు" అన్నాడు.

గొట్టం గోలీలు ఇచ్చారు. వాటిని విప్పితే లోపల పసుపు పొడి. దాన్ని తేనెలో కలిపి నాకించాలి, పాలతో ఇవ్వకూడదు. నర్సమ్మ ఒకసారే చెప్పింది, నాయనమ్మ మూడుసార్లు తిరిగి అప్పజెప్పింది. ఆ రాత్రీ మరునాడూ వాడు అలాగే కాలిపోయాడు. వరండాలో నాయనమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది గాని, కన్ను మూసినట్టు నేను చూడలేదు.

మూడోరోజు పొద్దున వాడి నుదురు తడిగా ఉంది. చెమట పట్టింది. కళ్లు తెరిచి నన్ను చూశాడు. ఏదో అనబోతున్నాడు. నీళ్లు కావాలేమోనని వాడి నోటి దగ్గర చెవి పెట్టాను.

"అక్కా, నేను ఎవ్వలికీ చెప్పలే" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఇది రాస్తుంటే ఇప్పుడూ ఆగడం లేదు. నోట్లో నువ్వుగింజ నానని వాడు, ఒళ్లు తెలియని జ్వరంలో కూడా, నా కోసం ఆ ఒట్టు పట్టుకుని పడుకున్నాడు.

వాణ్ణి ఇంటికి తెచ్చిన రోజు వాకిలి నిండా జనం. అరిష్టం వస్తుందన్న పక్కింటామె కూడా వచ్చింది. ఇంకొకరైతే ఏం చెప్పేవాళ్లో తెలియదు. కనిపెట్టింది తానేనని నాయనమ్మ చెప్పుకున్నా కాదనేవాళ్లు లేరు. ఆమె మంచం మీద కూర్చుని అందరూ వినేలా అంది: "నేను చీకట్ల చూసి తప్పు చెప్పిన. పోరి ఎలుతుర్ల చూసి సరిగ్గ చెప్పింది. ఇగ నుంచి తల్లి వచ్చినా సరే, ముందు పోరని బట్ట ఇప్పి ఎలుతుర్ల చూడున్రి. తల్లికి కోపమొస్తే నా పేరు చెప్పున్రి." తప్పును ఊరి ముందు అంత నిటారుగా ఒప్పుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. పెద్ద పెద్ద చదువుల వాళ్లలో కూడా చూడలేదు.

ఆ సాయంత్రమే ఇంకో మాట అంది. దానికి నేను ఆమెకు ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే. పిల్లలందరినీ మంచం చుట్టూ నిలబెట్టి, "ఎక్కడికి పోయినా పోయి చావున్రి. ఏం కరిచిందో మాత్రం అదే పొద్దు చెప్పాలె. చెప్పినోళ్లకు మా ఇంట్ల దెబ్బల్లేవ్" అంది. తరవాత కాటుక డబ్బా నా చేతికిచ్చింది. ఆ వేసవి మిగిలిన రోజులన్నీ గీతలు గీసింది నేనే. ఊళ్లో నా అంత గర్వంగా నడిచిన పదేళ్ల పిల్ల ఇంకొకతి ఉండి ఉండదు.

ఇప్పుడు ఆ దిబ్బ లేదు, మంద లేదు. కల్లం ఉన్న చోట పెట్రోలు బంకు వచ్చిందని విన్నాను. తమ్ముడికి ముందు పళ్ల మీద ఆ గోలీల వల్ల వచ్చిన పసుపు చార ఇంకా ఉంది. పళ్ల డాక్టరు తెల్లగా చేస్తానంటే వద్దన్నాడట, వాడి మొండితనం వాడిది.

బుధవారం నాటికి మనవరాలి ఎరుపు గీత లోపలే ముడుచుకుపోయింది. రోజూ సాయంత్రం అరచేతులూ అరికాళ్లూ చూపించి పోతోంది, ఇంకా పది రోజులు చూపించాలి. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. వాడికిప్పుడు జుట్టంతా తెల్లబడింది, మాట మాత్రం మారలేదు.

"ఏ కాలుకు కరిచింది అక్కా?"

"కుడి కాలు."

"దాచిందా?"

"లేదురా. కాళ్లు కడుక్కుంటూనే కేకేసి చెప్పింది."

"నాయనమ్మ ఇంటి పిల్ల గదా" అన్నాడు.